ముప్ఫై లక్షల డాలర్ల అటక

మన ఇళ్లలో లాఫ్ట్ అంటే అందరికీ తెలిసిందే. వంటింట్లోనో, బాత్రూమ్ పైనో గోడకి అడ్డంగా పోసే సిమెంటు పలక. సంక్రాంతికి మాత్రమే కిందికి దిగే పెద్ద మూకుడు, అమ్మ పారేయనివ్వని ఇత్తడి బిందెలు, నాన్న పారేయనివ్వని సూట్‌కేసు, మన బీటెక్ రికార్డు పుస్తకాలు, అన్నీ అక్కడే ఉంటాయి. తెలుగులో చెప్పాలంటే అటక.

న్యూయార్క్‌లో ఇదే మాట అంటే మాత్రం జనం కళ్లు మెరుస్తాయి. ఇక్కడ లాఫ్ట్ అంటే పాత ఫ్యాక్టరీ బిల్డింగ్‌లో ఒక ఫ్లోర్. మధ్యలో గోడలుండవు. నిలువెత్తు కిటికీలు, బొద్దు ఇనుప స్తంభాలు, తలెత్తి చూస్తే తప్ప కనపడనంత ఎత్తులో పైకప్పు. హాలీవుడ్ సినిమాల్లో బొమ్మలేసే హీరో ఉండే ఇల్లు గుర్తుందా? అదే.

మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నాడు. తెనాలి. నేను అన్న అనే పిలుస్తాను. అమెరికా వచ్చి పదమూడేళ్లయింది, ఇప్పటికీ జెర్సీ సిటీలో అద్దె ఇల్లే. వదిన కూడా సాఫ్ట్‌వేరే. ఒక పాప. గత నెల ఆయన నాకో లింక్ పంపాడు. అందులో ఉన్నది తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "డౌన్‌టౌన్ మన్‌హాటన్, సోహో హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో విశాలమైన ప్రీవార్ లాఫ్ట్. ఫ్లోర్ మొత్తం మీదే. ఒరిజినల్ కాస్ట్ ఐరన్ స్తంభాలు. 12 అడుగుల సీలింగ్. తాళంచెవి తిప్పితే నేరుగా ఇంట్లోకే తెరుచుకునే లిఫ్ట్. కన్వర్టిబుల్ త్రీ బెడ్‌రూమ్. సుమారు 2,200 చదరపు అడుగులు. కో-ఆప్. జేఎల్‌డబ్ల్యూక్యూఏ. 29,95,000 డాలర్లు."

మన డబ్బుల్లో పాతిక కోట్ల పైమాటే. అన్న ఉత్సాహం ఆపుకోలేక వీడియో కాల్‌లో వాళ్లమ్మగారికి చెప్పాడట. ఆవిడ అంతా విని, "ముప్ఫై లక్షల డాలర్లు పోసి అటక కొంటావట్రా?" అన్నారట.

ఈ వారం కాలమ్ ఆవిడ ప్రశ్నకి సమాధానం. ఆ లిస్టింగ్‌లో ఒక్కో మాట వెనక ఒక్కో కథ ఉంది. చివర్లో, ఎవరి కంటా పడకుండా కూర్చున్న ఆ ఐదారు అక్షరాల మాట వెనకైతే పెద్ద కథే ఉంది.

ముందు "ప్రీవార్". యుద్ధానికి ముందు అని. ఏ యుద్ధం? న్యూయార్క్ బ్రోకర్ల భాషలో అది రెండో ప్రపంచ యుద్ధం. 1940కి ముందు కట్టినవన్నీ ప్రీవార్. యుద్ధం తర్వాత కట్టినవాటిలో సీలింగ్ ఎత్తు తగ్గింది, గోడలు పలచబడ్డాయి, పక్కింటి టీవీ మనింట్లో వినబడటం మొదలైంది. అందుకే ప్రీవార్ అనగానే ఇంటి విలువ ఒక మెట్టు పెరుగుతుంది. కానీ సోహో విషయంలో ఈ మాట కొంచెం కామెడీ. అక్కడి బిల్డింగుల్లో ఎక్కువ భాగం 1850ల నుంచి 1890ల మధ్యవి. అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి కూడా ముందువి. కొన్నైతే 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధానికే ముందువి.

సోహో అంటే సౌత్ ఆఫ్ హౌస్టన్. హౌస్టన్ స్ట్రీట్‌కి దక్షిణాన ఉన్న పేట. టెక్సాస్‌లో ఊరు పేరులా "హ్యూస్టన్" అన్నారో, మీరు టూరిస్టని ఇక్కడివాళ్లు అక్కడికక్కడే పట్టేస్తారు.

ఇప్పుడు ఎత్తు సీలింగ్, పెద్ద కిటికీలు. ఇవి అందం కోసం పెట్టినవనుకుంటే పొరపాటే. మన్‌హాటన్‌లో మామూలు ప్లాట్ 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. అటూ ఇటూ పక్క బిల్డింగులు ఆనుకుని ఉంటాయి. అంటే ముందు నుంచి, వెనక నుంచి తప్ప వెలుతురు రాదు. ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్‌లో కరెంటు స్టేషన్ పెట్టింది 1882లో. అంతకుముందు కట్టిన బిల్డింగ్‌లో పగటి వెలుగు లోపల దాకా వెళ్లాలంటే కిటికీ ఎత్తు పెంచడం ఒక్కటే దారి. రాతి గోడ అయితే లావుగా కట్టాలి, అంత పెద్ద కిటికీలు పెట్టడం కుదరదు. పోత ఇనుమైతే సన్నటి స్తంభాలతోనే బరువు నిలబడుతుంది. పైగా ఫౌండ్రీలో ముక్కలుగా పోతపోసి, బండి మీద తెచ్చి, బోల్టులు బిగిస్తే గోడ రెడీ. జేమ్స్ బొగార్డస్, డేనియల్ బ్యాడ్జర్ అనే ఇద్దరు ఈ బిజినెస్‌లో పేరుమోసినవాళ్లు. వెనిస్‌లోని రాజభవనాల్లాంటి డిజైన్ కావాలా, కేటలాగ్ చూసి ఆర్డర్ ఇవ్వడమే. అప్పటి ఐకియా అనుకోండి. పైన రంగేస్తే అచ్చం రాయిలాగే కనిపిస్తుంది.

బ్రాడ్‌వే, బ్రూమ్ స్ట్రీట్ మూల మీద హావౌట్ బిల్డింగ్ అని ఒకటుంది. 1857లో కట్టారు. పింగాణీ, గాజు సామాను, షాండ్లియర్లు అమ్మే షాపు అది. ఓటిస్ కంపెనీ మనుషులు ఎక్కే మొదటి లిఫ్ట్ పెట్టింది ఇందులోనే. ఇవాళ మనం గచ్చిబౌలిలో ముప్ఫయ్యో అంతస్తుకి లిఫ్ట్‌లో వెళ్తూ ఫోన్ చూసుకుంటున్నామంటే, ఆ కథ మొదలైంది ఆ మూల మీదే.

సరే, షాపులు ఊరి పైభాగానికి తరలిపోయాక ఆ పెద్ద హాళ్లలోకి కుట్టు మిషన్లు వచ్చాయి. "లాఫ్ట్" అనే మాటకి అసలు బరువు ఇక్కడుంది. అది ఇల్లు కాదు, కూలీలు పనిచేసే అంతస్తు. సోహోకి కొంచెం పైన, వాషింగ్టన్ స్క్వేర్ పక్కన అలాంటి లాఫ్ట్ బిల్డింగ్ ఒకదాన్లోనే 1911 మార్చి 25న ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ తగలబడింది. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది పద్దెనిమిదీ ఇరవయ్యేళ్ల అమ్మాయిలు, ఇటలీ నుంచీ తూర్పు యూరప్ నుంచీ వలస వచ్చినవాళ్లు. ఒక వైపు తలుపుకి తాళం వేసి ఉంది. ఫైర్ ఇంజిన్ల నిచ్చెనలు వాళ్లున్న అంతస్తు దాకా అందలేదు. ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ల క్లాసులు జరుగుతుంటాయి అందులో.

1950ల నాటికి సోహోకి ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు "నరకపు వంద ఎకరాలు". బట్టల గుడ్డ, కాగితం, రసాయనాలు, పాత చెక్క నేలలు. ఒకచోట అంటుకుంటే ఇక అంతే.

అప్పుడే ఇంకో గండం వచ్చింది. రాబర్ట్ మోజెస్ అని, ఈ నగరంలో సగం హైవేలూ బ్రిడ్జీలూ వేయించిన ఘనుడు. హాలండ్ టన్నెల్ నుంచి ఈస్ట్ రివర్ బ్రిడ్జీల దాకా, బ్రూమ్ స్ట్రీట్ మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే వేస్తానన్నాడు. అదే బ్రూమ్ స్ట్రీట్, ఆ లిఫ్ట్ బిల్డింగ్ ఉన్నది. అది వచ్చి ఉంటే ఈ పేటలో చాలా భాగం ఈపాటికి ఫ్లైఓవర్ కింద పార్కింగ్. చికెన్ సెంటరో, టైర్ల షాపో కూడా ఉండేదేమో. జేన్ జేకబ్స్ అనే రచయిత్రి, పేటలో జనం కలిసి ఏళ్ల తరబడి పోట్లాడారు. 1968లో ఆవిడని ఒక పబ్లిక్ హియరింగ్‌లోనే అరెస్ట్ చేశారు. మరుసటి ఏడాది, అంటే 1969లో, నగరం ఆ రోడ్డుని మ్యాప్‌లోంచే తీసేసింది.

కానీ ఆ ఇరవయ్యేళ్లూ ఏమైందో చూడండి. రేపో మాపో కూల్చేస్తారని తెలిసిన బిల్డింగ్ మీద ఓనర్ పైసా పెట్టడు. మన దగ్గర రోడ్డు వెడల్పులో పోతుందని మార్కింగ్ వేసిన షాపుకి ఎవరైనా రంగు వేయిస్తారా? అద్దెలు పడిపోయాయి. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. అలా ఖాళీ అయిన చోటికి ఆర్టిస్టులు వచ్చారు. పదడుగుల కాన్వాస్ వేసేవాళ్లకి, ఇనుముతో శిల్పాలు చేసేవాళ్లకి కావాల్సింది ఎత్తు, వెలుతురు, చవక అద్దె. మూడూ దొరికాయి.

ఒకటే సమస్య. అక్కడ ఉండటం చట్టవిరుద్ధం. అది ఇండస్ట్రియల్ జోన్. పగలు పని చేసుకోవచ్చు, రాత్రి పడుకోకూడదు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే మంచాలూ పొయ్యిలూ దాచేసేవాళ్లు. చెత్త సంచీ ఇంటి ముందు పెడితే ఇక్కడ కాపురం ఉన్నారని తెలిసిపోతుందని, మోసుకెళ్లి వేరే వీధిలో పడేసేవాళ్లు. 1961లో నగరం ఒక మెట్టు దిగింది. గుమ్మం పక్కన "ఏ.ఐ.ఆర్." అని, ఏ అంతస్తో రాసి బోర్డు పెట్టమంది. ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్ అని. గౌరవంతో పెట్టిన బోర్డేం కాదు. మంటలంటుకుంటే లోపల మనుషులున్నారని ఫైర్ వాళ్లకి తెలియాలి కదా, అందుకు.

1967లో జార్జ్ మసియూనస్ అనే లిథువేనియా ఆయన, 80 ఊస్టర్ స్ట్రీట్‌లో ఒక బిల్డింగ్ తీసుకుని, ఆర్టిస్టులంతా వాటాలేసుకుని కొనుక్కునే కో-ఆప్ చేశాడు. కాగితాలు సరిగ్గా దాఖలు చేయకుండా వాటాలు అమ్ముతున్నాడని రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు ఆయన వెంటపడింది. ఆ మరుసటి ఏడాది, 1968లో, డొనాల్డ్ జడ్ అనే శిల్పి స్ప్రింగ్ స్ట్రీట్ మూల మీద ఐదంతస్తుల బిల్డింగ్ మొత్తం కొన్నాడు. 68,000 డాలర్లు. బిల్డింగ్ మొత్తం. ఇవాళ ఆ డబ్బుకి అన్న చూస్తున్న ఇంట్లో బాత్రూమ్ కూడా రాదు.

చివరికి 1971లో జోనింగ్ మార్చారు. సోహోలో ఆర్టిస్టులు ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఆ అనుమతికి చట్టం పెట్టిన పేరే "జాయింట్ లివింగ్-వర్క్ క్వార్టర్స్ ఫర్ ఆర్టిస్ట్స్". పొట్టిగా జేఎల్‌డబ్ల్యూక్యూఏ. లిస్టింగ్ చివర్లో చెప్పానే, ఆ మాట. ఆర్టిస్టు అంటే నోటిమాట చాలదు. నగర సాంస్కృతిక శాఖ పరిశీలించి సర్టిఫికెట్ ఇవ్వాలి. మీరు సీరియస్‌గా కళనే పనిగా పెట్టుకున్నారా, దానికి ఇంత స్థలం నిజంగా అవసరమా, చూస్తారు.

ఆ రూల్ ఇప్పటికీ పోలేదు. ఆ 1973లోనే పేట హిస్టారిక్ డిస్ట్రిక్ట్ కూడా అయింది. దాదాపు 500 బిల్డింగులు. ముందు గోడకి రంగు మార్చాలన్నా, కిటికీ మార్చాలన్నా ల్యాండ్‌మార్క్స్ కమిషన్ పర్మిషన్ ఉండాలి. 1982లో రాష్ట్రం లాఫ్ట్ లా తెచ్చి, అప్పటికే కమర్షియల్ బిల్డింగుల్లో అద్దెకుంటున్నవాళ్లని ఓనర్లు గెంటేయకుండా కాపాడింది. అదే ఏడాది షారన్ జూకిన్ అనే సోషియాలజిస్ట్ "లాఫ్ట్ లివింగ్" అని పుస్తకం రాసింది. ఆర్టిస్టులు బాగు చేసిన చోటుని వెనకే డబ్బున్నవాళ్లు ఎలా కొనేస్తారో అప్పుడే చెప్పింది. గ్యాలరీలు వచ్చాయి, వెనక బట్టల బ్రాండ్లు వచ్చాయి, వాటి వెనక బ్యాంకర్లు, వాళ్ల వెనక... మేం.

ఆదివారం ఓపెన్ హౌస్‌కి అన్న, వదిన, నేను వెళ్లాం. పాపని పక్కింట్లో వదిలారు.

లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే నిజంగా నోరు తెరిచాను. ఎదురుగా మూడు కిటికీలు, నాకు రెండింతల ఎత్తు. స్తంభాల మీద ఆకుల డిజైన్. ఒక మూల పైకప్పుకి పాతకాలం సామాను లాగే చక్రం ఇంకా వేలాడుతోంది. నేల చెక్కది, కొంచెం వాలుగా ఉంది. గోళీ వదిలితే వెనక గోడ దాకా దొర్లుకుంటూ పోతుంది. ఖాళీ గది ఇంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా అపార్ట్‌మెంట్‌లో ఖాళీ అంటే ఇంకా సోఫా రాలేదని అర్థం.

వదిన మాత్రం కిటికీలు లెక్కపెడుతోంది. ముందు మూడు, వెనక రెండు. వెనక కిటికీలోంచి కనిపించేది పక్క బిల్డింగ్ ఇటుక గోడ. "మూడో బెడ్‌రూమ్ ఏదండీ?" అని అడిగింది. బ్రోకర్ నడిమధ్యలో గాజు తలుపుల గది చూపించాడు. కిటికీ లేదు. "ఇది హోమ్ ఆఫీస్‌గా చాలా మంది వాడతారు" అన్నాడు.

న్యూయార్క్‌లో ఇల్లు చూసేవాళ్లంతా తెలుసుకోవాల్సిన భాష ఇది. ఇక్కడ కిటికీ లేని గదిని చట్టప్రకారం బెడ్‌రూమ్ అనకూడదు. అందుకే "హోమ్ ఆఫీస్", "డెన్", "మీడియా రూమ్" అంటారు. "కన్వర్టిబుల్ త్రీ" అంటే ప్రస్తుతం మూడు లేవు, మీరు గోడ కట్టుకుంటే వస్తాయి, ఆ గోడకి పర్మిషన్ మీ తంటా. చదరపు అడుగుల ముందు "సుమారు" ఎందుకుందో కూడా అడగండి. స్తంభాలూ, గోడల మందం, లిఫ్ట్ గుంత కలిపారా లేదా అన్నది ఒక్కొక్కరూ ఒక్కోలా లెక్కేస్తారు. సూపర్ బిల్టప్ అనే మాయాజాలం మన సొంత ఆవిష్కరణ అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ.

ఇక ధర. 29,95,000 అనేది బాటా రేటులా ఉంది కదా. కానీ అది కస్టమర్ సైకాలజీ ఒక్కటే కాదు. న్యూయార్క్‌లో 10 లక్షల డాలర్లు, ఆ పైన ధర ఉన్న ఇల్లు కొంటే మ్యాన్షన్ ట్యాక్స్ కట్టాలి. 1989 నుంచీ ఉంది. కొనేవాడే కట్టాలి. 2019లో నగరం వరకు శ్లాబులు పెట్టారు. 20 నుంచి 30 లక్షల లోపు 1.25 శాతం, 30 లక్షలు తాకితే 1.5 శాతం. అలా పెరుగుతూ రెండున్నర కోట్ల డాలర్ల దగ్గర 3.9 శాతం దాకా పోతుంది. మన ఇన్‌కమ్ ట్యాక్స్ శ్లాబులా పైనున్న ముక్క మీదే కాదు, మొత్తం ధర మీద. 29,95,000కి ట్యాక్స్ 37,437 డాలర్లు. 30,00,000కి 45,000. ఐదువేలు ఎక్కువ పెట్టి కొంటే ట్యాక్స్ ఏడున్నరవేలు పెరుగుతుంది. ఆ అంకె అలా ఆగింది అందుకే.

తర్వాత "కో-ఆప్". హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే సేల్ డీడ్‌లో మీ ఫ్లాట్‌తో పాటు స్థలంలో మీ వాటా, అదే యూడీఎస్, మీ పేరున రిజిస్టర్ అవుతుంది. కో-ఆప్‌లో అదేం ఉండదు. బిల్డింగ్ మొత్తం ఒక కంపెనీది. మీరు ఆ కంపెనీలో షేర్లు కొంటారు. ఆ షేర్లున్నందుకు మీ ఇంట్లో ఉండే హక్కుతో ఒక లీజు ఇస్తారు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి. ఇక్కడ 3,400 డాలర్లు. ప్రాపర్టీ ట్యాక్స్, బిల్డింగ్ మీద పాత అప్పుంటే దాని వాయిదా, అన్నీ అందులోనే. డౌన్‌పేమెంట్ 25 శాతం అడిగారు. అంటే ఏడున్నర లక్షల డాలర్లు. ఇదంతా అయ్యాక బోర్డు ఇంటర్వ్యూ. ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీరు మంచివాళ్లని రాసిచ్చే ఉత్తరాలు. పెళ్లిచూపులకి ఏమాత్రం తీసిపోదు. నచ్చకపోతే వద్దంటారు, ఎందుకో సాధారణంగా చెప్పరు.

అన్నకి భయం వేసింది ఇక్కడే. ఆయన హెచ్-1బీ మీద ఉన్నాడు. గ్రీన్ కార్డ్ లైన్‌లో ఎన్నో ఏళ్లుగా. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. పౌరసత్వమో, వీసానో చూసి ఇల్లు నిరాకరించడం ఈ నగరంలో చట్టవిరుద్ధం. బాగానే ఉంది. కానీ కారణమే చెప్పని బోర్డు ఏ కారణంతో కాదందో ఎవరు తేలుస్తారు?

సరే, అదీ దాటొచ్చు అనుకున్నాం. వాళ్ల జీతాలు బాగున్నాయి, పొదుపు ఉంది. లాయర్‌తో మాట్లాడాడు. లాయర్ మొదటి ప్రశ్న: "మీ ఇద్దరిలో ఎవరైనా సర్టిఫైడ్ ఆర్టిస్టా?"

ఇంట్లో ఒక్కరు సర్టిఫైడ్ ఆర్టిస్టయితే చాలు, కుటుంబం మొత్తం దర్జాగా ఉండొచ్చు. వదిన వెంటనే, "నేను చుక్కల ముగ్గులు బాగా పెడతాను, ఇస్తారేమో కనుక్కోండి" అంది. లాయర్ నవ్వలేదట, బహుశా అర్థం కాలేదు.

మరి ఇప్పుడు సోహోలో ఉన్నవాళ్లంతా ఆర్టిస్టులేనా అంటే, కాదు. అందరికీ తెలుసు కాదని. నగరం ఏళ్ల తరబడి చూసీచూడనట్టు ఊరుకుంది. కొనేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. లాయర్లు దాన్ని "సోహో లెటర్" అంటారు. సారాంశం ఇది: ఈ ఇంట్లో సర్టిఫైడ్ ఆర్టిస్టు ఉండాలనే రూల్ ఉందని నాకు తెలుసు, రేపేదైనా సమస్య వస్తే ఆ బాధ్యత నాది. 2021 డిసెంబర్‌లో రీజోనింగ్ చేసినప్పుడు ఒక దారి పెట్టారు. ఆర్ట్స్ ఫండ్‌కి చదరపు అడుగుకి 100 డాలర్ల చొప్పున కట్టి మామూలు ఇల్లుగా మార్చుకోవచ్చని. 2,200 అడుగులకి లెక్కేయండి, 2,20,000 డాలర్లు. దాని మీద కోర్టు కేసులు. పైగా బిల్డింగ్ సర్టిఫికెట్ మారాలంటే ఒక్క ఫ్లోర్ వాళ్లు అనుకుంటే సరిపోదు.

ఇక్కడ మన హైదరాబాద్ బుర్ర బాగా పనికొస్తుంది. అక్కడ మనం మొదట అడిగేదేంటి? "ఓసీ వచ్చిందా?" న్యూయార్క్‌లో దాని పేరు సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ. నగర బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే చాలా బిల్డింగులవి ఫోన్‌లోనే కనిపిస్తాయి. ఏ అంతస్తు దేనికి అనుమతించారో రాసి ఉంటుంది. బ్రోకర్ ఏ పేరుతో పిలిచినా, మీకు దిక్కు ఆ కాగితమే. ఇల్లు నచ్చకముందే అది చూడండి. నచ్చాక చూస్తే కళ్లు సరిగ్గా కనపడవు.

అన్న మూడు రోజులు ఆలోచించాడు. బ్యాంకర్లూ సినిమావాళ్లూ కాఫీ తాగుతూ సంతకం పెట్టే కాగితమే అది. లాయర్ కూడా అదే చెప్పాడు, ఇది జోనింగ్ వ్యవహారం, మీ ఇమిగ్రేషన్‌కి దీనికి సంబంధం లేదని. కానీ అన్న బాధ వేరే. "తమ్ముడూ, పదమూడేళ్లుగా ఈ దేశంలో స్పీడ్ టికెట్ కూడా పడకుండా బతికాను. ప్రతి మూడేళ్లకీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని రుజువు చేసుకుంటున్నాను. ఇప్పుడు 'ఇక్కడ నేను ఉండకూడదని రూల్ ఉందని నాకు తెలుసు' అని నా చేత్తో నేనే సంతకం పెట్టాలా?"

నాకైతే ఆయన భయం కొంచెం ఎక్కువే అనిపించింది. వాదించాను కూడా. అప్పట్లో మంచాలు దాచుకుని బతికిన ఆర్టిస్టులు కూడా రూల్ తప్పినవాళ్లే కదా, వాళ్లు తప్పారు కాబట్టే ఆ పేట నిలబడింది కదా అన్నాను. "వాళ్లని పంపించేస్తే పక్క వీధికి వెళ్లేవాళ్లు. నన్ను పంపించేస్తే తెనాలి వెళ్లాలి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో రూల్ తప్పి ఉండటానికి కూడా ఒక అర్హత కావాలి. ఒకప్పుడు అది పేదరికం. ఇప్పుడు డబ్బు, దాంతోపాటు సరైన పాస్‌పోర్టు.

ఓపెన్ హౌస్ రోజు ఇంకోటి జరిగింది, చెప్పడం మర్చిపోయాను. దిగేటప్పుడు పై అంతస్తు నుంచి ఒక పెద్దావిడ లిఫ్ట్‌లో ఉంది. తెల్ల జుట్టు, చొక్కా చేతుల మీద నీలం రంగు మరకలు. ఎనభై దాటి ఉంటాయి. "కొనడానికి వచ్చారా? ఏం చేస్తుంటారు?" అని అడిగింది. సాఫ్ట్‌వేర్ అన్నాం. "మూడో ఫ్లోర్ వాళ్లూ అదే, రెండో ఫ్లోర్ వాళ్లూ అదే" అంది. కోపంగా ఏమీ అనలేదు. వదిన, "మీరెప్పటి నుంచి ఉంటున్నారు?" అని అడిగితే, "ఈ లిఫ్ట్‌ని తాడుతో లాగే రోజుల నుంచి" అని చెప్పి, మాకు తలుపు పట్టుకుంది.

మూడు వారాలకి ఆ లిస్టింగ్ కింద "ఇన్ కాంట్రాక్ట్" అని పడింది. కొన్నది ఎవరో, బొమ్మలేసేవాళ్లో కాదో తెలియదు. అన్నావాళ్లు జెర్సీ సిటీలోనే పోస్ట్‌వార్ బిల్డింగ్‌లో రెండు బెడ్‌రూమ్‌ల కాండో చూస్తున్నారు. ఎనిమిదడుగుల సీలింగ్, ప్రతి గదికీ కిటికీ. వాళ్లమ్మగారికి వీడియోలో చూపిస్తే, సామాను పెట్టుకోవడానికి పైన చోటే లేదేంటని అడిగారట.

ఈ వేసవిలో న్యూజెర్సీలో అక్కావాళ్లింటికో, బాబాయివాళ్లింటికో వస్తున్నవాళ్లకి ఒక ఫ్రీ ఐడియా. టైమ్స్ స్క్వేర్‌లో సెల్ఫీ అయ్యాక సబ్‌వేలో స్ప్రింగ్ స్ట్రీట్‌కి రండి. వచ్చేటప్పుడు ఫ్రిజ్ మీద నుంచి ఒక మ్యాగ్నెట్ జేబులో వేసుకోండి. రాయిలా కనిపించే ప్రతి స్తంభానికీ పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుము. జడ్ కొన్న బిల్డింగ్ స్ప్రింగ్, మెర్సర్ వీధుల మూల మీద ఉంది. 1870లో కట్టింది. ఆయన పెట్టుకున్న వస్తువులు అలాగే ఉంచి చూపిస్తున్నారు, లోపలికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి. బయట నుంచి చూడటానికి, మ్యాగ్నెట్ పెట్టడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.